గిన్నెల మాప్ మెడ దగ్గరే ఎందుకు ఊడుతుంది? గట్టి మాప్ తయారీలోని చిక్కుముడులు

పిడి ఉన్న చిన్న మాప్‌తో గిన్నెలు తోమేవారికి ఒక అనుభవం ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఉంటుంది. లోతైన గిన్నెలోకో ఇరుకు మూతి సీసాలోకో మాప్‌ను దించి గట్టిగా తిప్పుతుండగా పిడి ఒక్కసారిగా తేలికై చేతిలోకి వచ్చేస్తుంది, కుచ్చు మాత్రం అడుగున మురికి నీళ్ళలో ఉండిపోతుంది. కొనేటప్పుడు మనం పిడి ఎంత లావుందో, చేతికి ఎంత బరువుగా తగులుతోందో చూస్తాం. అట్ట మీద ‘దృఢమైనది’ అన్న మాట కనిపిస్తే మరికొంత భరోసా కలుగుతుంది. తీరా ఊడిన మాప్‌ను పరిశీలిస్తే పిడి చెక్కు చెదరకుండానే ఉంటుంది.

వంటింటి స్పాంజిల్లో సూక్ష్మజీవులు విపరీతంగా పెరుగుతాయన్న పరిశోధనలు తరచూ చర్చకు వస్తుండటంతో, చేతికి తడి అంటకుండా వాడుకునే పిడి పనిముట్ల వైపు చాలామంది చూపు మళ్ళింది. దాంతో పాటే సందేహాలూ పెరిగాయి. నూలు కుచ్చు మంచిదా, మైక్రోఫైబర్ మంచిదా? చెక్క పిడా, స్టీలు పిడా? కుచ్చు విడిగా మార్చుకునేలా ఉండాలా, ఊడదీయడానికి వీల్లేకుండా బిగించి ఉండాలా? వీటికి విడివిడిగా జవాబులు వెతికితే అవి ఒకదానితో ఒకటి పొసగవు. అసలు ఈ పనిముట్టు ఎక్కడ, ఏ కారణంతో పాడవుతుందో ముందు తెలుసుకుంటే జవాబులు ఒక తీరుకు వస్తాయి.

పిడి, మెడ, కుచ్చు

గిన్నెల మాప్‌లో కంటికి కనిపించే భాగాలు రెండు. చేత్తో పట్టుకునేది పిడి. దాని కొసన నూలు పోగులనో, కృత్రిమ దారాలనో, బట్ట పేలికలనో గుత్తిగా కట్టింది కుచ్చు. ఈ రెండూ కలిసే చోటును ఈ వ్యాసంలో మెడ అంటాను. మెడకు తయారీదారులు విడిగా పేరు పెట్టకపోవచ్చు గానీ, మాప్ ఆయుష్షును నిర్ణయించేది అదే.

మెడను తయారు చేసే పద్ధతులు ప్రధానంగా నాలుగు కనిపిస్తాయి. మొదటి పద్ధతిలో చెక్క పిడి కొసన గాడి తీసి, పోగులను ఆ గాడి చుట్టూ పరిచి ఇనుప తీగతో బిగించి కడతారు. రెండో దానిలో పిడి కొసకు లోహపు పొన్ను తొడిగి, పోగుల మొదళ్ళను ఆ పొన్నులోకి కుక్కి జిగురుతో అతికిస్తారు. మూడో పద్ధతిలో రెండు తీగల మధ్య పోగులను పరిచి ఆ తీగలకు పురి పెడతారు, సీసాలు కడిగే బ్రష్షుల్లో కనిపించేది ఇదే. నాలుగోది ప్లాస్టిక్ మెడ. కుచ్చును ఒక బిళ్ళకు బిగించి, ఆ బిళ్ళను పిడికి మరలతోనో నొక్కుడు బిగింపుతోనో తగిలిస్తారు. పద్ధతి ఏదైనా, మెత్తని పీచు, గట్టి పిడి, వాటిని కలిపే లోహం లేదా జిగురు అనే మూడు రకాల వస్తువులు ఒక అంగుళం మేర చోటులో కలుస్తాయి. ఆ అంగుళం రోజంతా తడిగా ఉంటుంది.

నిలువునా కోసి చూస్తే కనిపించేది

కుచ్చు సగం వదులైన ఒక పాత మాప్‌ను నేను సన్నని రంపంతో నిలువునా కోసి చూశాను. చెక్క పిడి పైభాగం లేత గోధుమ రంగులో, వేలితో తడితే టక్కుమనేంత గట్టిగా ఉంది. పొన్ను అంచు దగ్గరికి వచ్చేసరికి రంగు ముదిరి బూడిద వన్నెకు తిరిగింది. పొన్ను లోపలి చెక్క నల్లబడి, గోరు దిగేంత మెత్తగా ఉంది. వాడి మూడు రోజులైనా అక్కడ చెమ్మ ఆరలేదు. పోగులను కట్టిన తీగ బయటి చుట్లు మెరుస్తూనే ఉన్నాయి, లోపలి చుట్టు మాత్రం తుప్పుతో సన్నబడి వేలితో కదిపితే పొడిగా రాలింది. పోగులు కూడా అంతే. కొసలు తెల్లగా, మొదళ్ళు గోధుమ రంగులో ఉన్నాయి, ఆ మొదళ్ళను లాగితే దారం తెగినంత సులువుగా తెగాయి.

ఒక్క మాప్‌ను కోసి చూసి అన్నింటికీ వర్తించే సూత్రం చెప్పలేం. కానీ ఇందులో కనిపించిన ప్రతి లక్షణానికీ తెలిసిన కారణం ఉంది, ఆ కారణాలు ఏ మాప్‌కైనా వర్తించేవే.

బలం పడే చోటు ఒకటి, విరిగే చోటు మరొకటి

ముందు లెక్క చూద్దాం. కొసన భారం పడినప్పుడు కడ్డీ వంగడానికి ప్రయత్నిస్తుంది. ఆ వంచే ప్రభావాన్ని భ్రామకం అంటారు. భారాన్ని, అది పడిన చోటు నుంచి మనం చూస్తున్న చోటుకు ఉన్న దూరంతో గుణిస్తే భ్రామకం వస్తుంది. దూరం పెరిగిన కొద్దీ అదీ పెరుగుతుంది. ఈ వంపును తట్టుకునే క్రమంలో కడ్డీలో ప్రతి చదరపు మిల్లీమీటరు మీద పడే ఒత్తిడిని ప్రతిబలం అంటారు. ఒక చదరపు మిల్లీమీటరు మీద ఒక న్యూటన్ పడితే అది ఒక మెగాపాస్కల్.

అంటుకుపోయిన మరకను గట్టిగా రుద్దుతున్నప్పుడు కొసన 20 న్యూటన్ల బలం పడిందనుకుందాం. అంటే దాదాపు 2 కిలోల బరువు మోపినంత. ఆ కొస నుంచి మెడకు 5 సెంటీమీటర్లు, చేతి పట్టు మొదలయ్యే చోటుకు 17 సెంటీమీటర్లు ఉందనుకుంటే, మెడ దగ్గర భ్రామకం 1 న్యూటన్ మీటరు, చేతి దగ్గర 3.4 న్యూటన్ మీటర్లు. అంటే మెడ కంటే చేతి దగ్గరే మూడు రెట్లకు పైగా వంపు బలం పడుతోంది. ఈ లెక్కనే పట్టుకుంటే మాప్ చేతి దగ్గర విరగాలి.

అలా విరగదు, ఎందుకంటే లావు లెక్కలోకి వస్తుంది. గుండ్రని కడ్డీలో ప్రతిబలం దాని వ్యాసం ఘనానికి విలోమంగా మారుతుంది. వ్యాసం సగమైతే ప్రతిబలం ఎనిమిది రెట్లవుతుంది. చేతి దగ్గర పిడి 14 మిల్లీమీటర్ల లావుంటే అక్కడి ప్రతిబలం సుమారు 12.6 మెగాపాస్కల్స్. కుచ్చు తగిలించడానికి మెడ దగ్గర అదే పిడిని 6 మిల్లీమీటర్లకు చెక్కితే అక్కడ సుమారు 47 మెగాపాస్కల్స్ పడుతుంది. వంపు బలం తక్కువ పడే చోటే ప్రతిబలం దాదాపు నాలుగు రెట్లైంది. గిన్నెల పనిముట్లలో ఎక్కువగా వాడే పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ 30 నుంచి 35 మెగాపాస్కల్స్ దగ్గరే శాశ్వతంగా సాగడం మొదలుపెడుతుంది. పొడిగా ఉన్న బీచ్ అనే చెట్టు చెక్క వంపులో సుమారు 100 మెగాపాస్కల్స్ వరకు తట్టుకుంటుంది గానీ, పూర్తిగా నానితే అది 60కి అటూ ఇటుగా పడిపోతుంది.

లావు పిడి నుంచి సన్నని మెడకు మారే మలుపు ఎంత వాడిగా ఉంటే అక్కడ ప్రతిబలం అంతగా పోగవుతుంది. 6 మిల్లీమీటర్ల మెడ మొదట్లో మూలను 0.3 మిల్లీమీటర్ల గుండ్రంతో వదిలేస్తే స్థానిక ప్రతిబలం దాదాపు రెట్టింపవుతుంది. అదే మూలను 2 మిల్లీమీటర్ల గుండ్రంతో మలిస్తే పెరుగుదల మూడో వంతుకు మించదు. అచ్చులో ఒక మూలను నున్నగా మలచడానికి పెద్దగా ఖర్చు కాదు, అయినా చాలా మాప్‌లలో పగులు మొదలయ్యేది ఆ మూల నుంచే.

ఒకసారి గట్టిగా వంచితే విరగని తీగ కూడా అటూ ఇటూ పదేపదే వంచితే విరిగిపోతుందని అందరికీ తెలుసు. ఇంజినీర్లు దీన్ని లోహపు అలసట అంటారు, ప్లాస్టిక్‌కూ ఇది వర్తిస్తుంది. రోజుకు మూడు విడతలు, విడతకు 20 గిన్నెలు, గిన్నెకు 10 రుద్దులు అనుకుంటే రోజుకు 600 సార్లు, ఏడాదికి 2,19,000 సార్లు మెడ వంగుతుంది. దుకాణంలో ఒక్కసారి వంచి చూసి గట్టిగా ఉందనుకోవడానికి, ఏడాది పాటు రెండు లక్షల వంపులు తట్టుకోవడానికి మధ్య ఉన్న తేడా ఇదే.

నానితే బిగుసుకుని, ఆరితే వదులయ్యే చెక్క

గొడ్డలి కామ వదులైతే నీళ్ళలో నానబెట్టే అలవాటు పాతదే. నానిన చెక్క ఉబ్బి గొడ్డలి కంటికి బిగుసుకుంటుంది. కొద్ది రోజులు బాగానే ఉంటుంది, ఆరాక కామ మునుపటికంటే ఎక్కువ వదులవుతుంది. మాప్ మెడలో రోజూ జరుగుతున్నది అచ్చంగా ఇదే.

చెక్క పీచుల గోడలు నీటిని పీల్చుకుని ఉబ్బుతాయి. బరువులో దాదాపు 30 శాతం చెమ్మ చేరేవరకు ఈ ఉబ్బు కొనసాగుతుంది. చుట్టూ లోహపు పొన్ను ఉంటే ఉబ్బడానికి చోటు దొరకక చెక్క కణాలు నలిగిపోతాయి. నలిగినవి మళ్ళీ పాత ఆకారానికి రావు. ఆరినప్పుడు ఆ చెక్క మొదట ఉన్నదానికంటే చిన్నదవుతుంది, పొన్నుకూ దానికీ మధ్య సందు ఏర్పడుతుంది. మర్నాడు ఆ సందులోకే నీళ్ళు దిగుతాయి. పొన్నును ఎంత గట్టిగా నొక్కి బిగిస్తే చెక్క అంత ఎక్కువగా నలుగుతుంది కాబట్టి, గట్టి బిగింపే వదులుకు కారణమవుతుంది. మాప్ మెడలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం ఇది.

చెక్క అన్ని దిక్కులా ఒకేలా ఉబ్బదు. వలయాల వెంబడి ఉబ్బేది, కేంద్రం నుంచి బయటికి ఉబ్బేదాని కంటే దాదాపు రెట్టింపు ఉంటుంది. అందుకే గుండ్రని చెక్క మెడ కొంతకాలానికి కోడిగుడ్డు ఆకారానికి తిరిగి, గుండ్రని పొన్నులో ఒక పక్క బిగువుగా, మరో పక్క వదులుగా ఉంటుంది. పైగా చెక్కలో నీరు పక్కల నుంచి కంటే కోసిన కొస నుంచి ఎన్నో రెట్లు వేగంగా లోపలికి పోతుంది. మాప్‌లో ఆ కోసిన కొస ఉండేది కుచ్చు నడుమే. పిడి పైభాగానికి మెరుగు నూనె రెండు పూతలు వేసి, పొన్నులోకి పోయే కొసను పూత లేకుండా వదిలేయడం, గొడుగు పట్టి కాళ్ళు వానలో చాపినట్టే.

తుప్పు సంగతీ ఇంతే. మామూలు ఇనుప తీగకు జింకు పూత ఉంటే ముందు జింకు అరుగుతుంది, అది అయిపోయాక ఇనుము మొదలవుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు వాడితే సమస్య తీరిపోతుందని చాలామంది అనుకుంటారు. సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండే స్టీలు తుప్పును ఆపేది దాని పైన ఏర్పడే పల్చటి క్రోమియం ఆక్సైడ్ పొరతో. ఆ పొర గీసుకుపోయినా మళ్ళీ ఏర్పడాలంటే ఆక్సిజన్ కావాలి. తడి పోగుల కింద, తీగ చుట్ల మధ్య సందుల్లో ఆక్సిజన్ తక్కువగా ఉంటుంది, ఉప్పులోని క్లోరైడ్ అక్కడ పోగవుతుంది. కాబట్టి బయట మెరుస్తున్న స్టీలు కూడా లోపలి సందులో తుప్పు పట్టగలదు. లోహం మంచిదైతేనే చాలదు, దానికి గాలి తగలాలి.

పోగు ఊడకుండా పట్టి ఉంచేది రాపిడి

పడవ తాడును గుంజకు రెండు మూడు చుట్లు చుడితే, తాడు కొసను ఒక మనిషి తేలిగ్గా పట్టుకున్నా పడవ కదలదు. చుట్లు పెరిగిన కొద్దీ రాపిడి పట్టు కూడికగా కాక గుణకారంగా పెరగడమే ఇందుకు కారణం. రాపిడి గుణకం 0.3 అనుకుంటే, అర చుట్టు చుట్టిన పోగు తన కొసను పట్టి ఉంచిన బలానికి 2.6 రెట్లు, ఒక పూర్తి చుట్టు 6.6 రెట్లు, రెండు చుట్లు సుమారు 43 రెట్లు లాగుడును తట్టుకుంటాయి.

కుచ్చు కట్టే పద్ధతులను ఈ లెక్కతో చూస్తే తేడా స్పష్టమవుతుంది. పోగుల మొదళ్ళను పొన్నులో కుక్కి జిగురు పెట్టినప్పుడు చుట్టు అంటూ ఏదీ లేదు, పట్టు అంతా జిగురుదే. వేడినీళ్ళకు ఆ జిగురు మెత్తబడితే పోగులు గుత్తిగా ఊడొస్తాయి. పోగును మధ్యకు మడిచి తీగ మీదుగా వేసినప్పుడు అర చుట్టు దొరుకుతుంది. రెండు తీగలకు పురి పెట్టి మధ్యలో పోగును బంధిస్తే అది అటూ ఇటూ మెలిక తిరగక తప్పదు. పోగును ఒక స్టీలు కంటిలోంచి, అంటే వలయంలోంచి, దూర్చి ముడి వేస్తే జిగురు లేకుండానే ఒకటి రెండు చుట్ల పట్టు వస్తుంది. ఒక పోగు తెగినా మిగిలినవి ఊడవు.

మాప్ కుచ్చు మీద అతి పెద్ద లాగుడు రుద్దేటప్పుడు పడదు. కడిగాక కుచ్చును పిడికిట పట్టి పిండేటప్పుడు పడుతుంది. ఆ మెలిక, లాగుడు రెండూ కలిసి నేరుగా మెడ మీదికి వస్తాయి. రుద్దడానికి సరిపోయే మెడ పిండడానికి సరిపోకపోవచ్చు. కొత్త మాప్ రూపకల్పనలో తేలిగ్గా మరిచిపోయే భారం ఇదే.

నూలు, మైక్రోఫైబర్, సిలికోన్: ఎవరి వాదన ఎంతవరకు

నూలును సమర్థించేవారికి బలమైన ఆధారం ఉంది. చాలా పీచులు తడిస్తే బలహీనపడతాయి, పత్తి పీచు మాత్రం తడిసినప్పుడు పది నుంచి ఇరవై శాతం బలపడుతుంది. చూపుకు నూలులాగే ఉండే విస్కోస్ తడిస్తే తన బలంలో దాదాపు సగం కోల్పోతుంది, కాబట్టి ఈ రెంటినీ ఒకే గాటన కట్టకూడదు. నూలు వేడిగిన్నెకు తగిలినా కరగదు, నురగను బాగా పట్టి ఉంచుతుంది. దాని బలహీనత వేరే చోట ఉంది. అది సెల్యులోజ్ కాబట్టి తడిగా ఉండిపోతే బూజు దాన్ని తినేస్తుంది. తెల్లగా ఉంచాలని క్లోరిన్ బ్లీచ్‌లో పదేపదే నానబెడితే పీచు పెళుసవుతుంది, ఆ బ్లీచ్ మిగిల్చే క్లోరైడ్ మెడలోని తీగకు తుప్పు పట్టడంలోనూ సాయపడుతుంది.

కృత్రిమ పీచుల వాదన ఆరడం మీద నిలుస్తుంది. మామూలు గాలిలో పత్తి తన బరువులో సుమారు 8.5 శాతం చెమ్మను పీచు లోపలే దాచుకుంటే, పాలిస్టర్ 0.4 శాతమే దాచుకుంటుంది. 9,000 మీటర్ల పొడవు తూచినా ఒక గ్రాముకు మించని పీచును మైక్రోఫైబర్ అంటారు. అంత సన్నని పీచుల అంచులు జిడ్డు పొర కిందికి దూరి లేపగలవు. అయితే మైక్రోఫైబర్ నీటిని పీచులోకి పీల్చకపోయినా పీచుల నడుమ సందుల్లో బాగా పట్టి ఉంచుతుంది కాబట్టి ‘పాలిస్టర్ కనుక వెంటనే ఆరుతుంది’ అనుకోవడం సగమే నిజం. అరిగిన ముక్కలు సూక్ష్మ ప్లాస్టిక్‌గా నీళ్ళలో కలుస్తాయన్న అభ్యంతరం కూడా న్యాయమైనదే.

సిలికోన్ కొసలున్న పనిముట్లు 200 డిగ్రీల సెల్సియస్ వేడిని కూడా తట్టుకుంటాయి, నీటిని పీల్చవు. ఆ పీల్చని గుణం వల్లే నురగ నిలవదు, ఎండిన మరక మీద జారిపోతాయి. ఒకచోట చీలిక మొదలైతే అది త్వరగా సాగుతుంది. వాటిని మాప్‌కు ప్రత్యామ్నాయంగా కంటే వేరే పనిముట్టుగా చూడటమే సరైనదని నా అభిప్రాయం.

కొసలు బ్రష్షులా, మొదలు స్పాంజిలా

2017లో జర్మన్ పరిశోధకులు వాడిన వంటింటి స్పాంజిలు 14 తీసుకుని పరీక్షించినప్పుడు, కొన్ని చోట్ల ఒక ఘన సెంటీమీటరులో 5,400 కోట్ల వరకు బాక్టీరియా కణాలు కనిపించాయి. ఈ అంకె ప్రచారమైనంతగా దాని పక్కనున్న వివరణ ప్రచారం కాలేదు. ఆ బాక్టీరియా అంతా రోగకారకం కాదు. వాటిలో ఎక్కువగా కనిపించిన వాటిలో మొరాక్సెల్లా ఆస్లోఎన్సిస్ ఒకటి. ఉతికిన బట్టలు సరిగా ఆరకపోతే వచ్చే ముక్క వాసనకు కారణంగా 2012లో జపాన్ పరిశోధకులు గుర్తించింది కూడా దాన్నే. నార్వేలోని నోఫిమా సంస్థ పరిశోధకులు స్పాంజిలను, గిన్నెల బ్రష్షులను పోల్చినప్పుడు బ్రష్షుల్లో బాక్టీరియా తక్కువగా ఉన్నట్టు తేలింది. బ్రష్షు ఒక వాడకానికీ మరో వాడకానికీ మధ్య ఆరిపోవడమే ఆ తేడాకు ముఖ్య కారణం.

మాప్ ఈ రెంటిలో ఏ కోవలోకి వస్తుందన్నది చాలామందిని తికమకపెట్టే ప్రశ్న. రెండింట్లోకీ వస్తుందన్నది జవాబు. విడివిడిగా వేలాడే కొసలు బ్రష్షులా గాలి తగిలి ఆరిపోతాయి, బిగించి కట్టిన మొదళ్ళు స్పాంజి నడిమి భాగంలా తడిని పట్టి ఉంచుతాయి. నేను కోసి చూసిన మాప్‌లో కొసలు తెల్లగా, మొదళ్ళు గోధుమ రంగులో ఉండటానికి కారణం ఇదే.

గట్టి మాప్ తయారీలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. పోగులు ఊడకూడదంటే ఒత్తుగా, బిగువుగా కట్టాలి. అలా కడితే మొదళ్ళు ఆరవు. ఆరకపోతే పోగు కుళ్ళుతుంది, తీగ తుప్పు పడుతుంది, చెక్క మెత్తబడుతుంది. బలం కోసం చేసిన పనే కొన్ని నెలల్లో బలాన్ని తీసేస్తుంది. ఈ చిక్కుకు విడుపు బిగింపును పెంచడంలో దొరకదు, నీళ్ళకు బయటికి పోయే దారి ఇవ్వడంలో దొరుకుతుంది. పొన్ను గొట్టంలా మూసి ఉండే బదులు పక్కలు తెరిచిన పంజరంలా ఉండటం, పోగులను ఒకే గుత్తిగా కాక నాలుగైదు చిన్న పాయలుగా విడదీసి కట్టడం, మెడ అడుగున నీరు నిలిచే గుంట లేకుండా వాలు పెట్టడం అలాంటి మార్గాలు.

మాప్‌ను నిలబెట్టే తీరు కూడా రూపకల్పనలో భాగమే. కుచ్చు పైకి, పిడి కిందికి ఉండేలా డబ్బాలో నిలబెడితే కుచ్చులోని నీరంతా మెడ మీదుగానే కిందికి దిగాలి. కుచ్చు కిందికి వేలాడితే ఆ నీరు మెడను తాకకుండా కొసల నుంచి కారిపోతుంది. పిడి కొసన ఒక కొక్కెమో రంధ్రమో ఉండటం అలంకారంగా కనిపిస్తుంది గానీ, మెడ ఆయుష్షుకు అది లావు పిడి కంటే ఎక్కువ చేస్తుంది.

నిలువునా ఒకే కడ్డీ ఉంటే

అతుకే బలహీనమైతే అతుకు లేకుండా చేయవచ్చు కదా అన్నది సహజమైన ఆలోచన. ఒక స్టీలు కడ్డీ కొసను కంటిలా వంచి పోగులను ఆ కంటికి కట్టి, అదే కడ్డీని పిడి లోపలి చివరి దాకా పోనిస్తే మెడ దగ్గర రెండు వస్తువులు కలవాల్సిన పనే ఉండదు.

పాత లెక్కనే దీనికి పెట్టి చూద్దాం. 5 మిల్లీమీటర్ల కడ్డీలో మెడ దగ్గర 1 న్యూటన్ మీటరుకు సుమారు 81 మెగాపాస్కల్స్ పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు 200కు కొంచెం పైన గానీ శాశ్వతంగా వంగదు కాబట్టి మెడ సురక్షితం. కానీ చేతి ముందు, కడ్డీ పిడిలోంచి బయటికి వచ్చే చోట, 3.4 న్యూటన్ మీటర్లకు సుమారు 277 మెగాపాస్కల్స్ పడుతుంది. అంటే మెడ ఊడదు, కడ్డీ చేతి ముందు వంగిపోతుంది. ఒక్క మిల్లీమీటరు పెంచి 6 మిల్లీమీటర్లు చేస్తే అదే చోట ప్రతిబలం 160కి దిగుతుంది, కడ్డీ నిలుస్తుంది. ఒక చోట బలహీనతను తీసేస్తే అది మరో చోట తేలుతుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

కడ్డీకి బదులు గొట్టం వాడితే బరువు తగ్గుతుంది. 12 మిల్లీమీటర్ల వ్యాసం, ఒక మిల్లీమీటరు మందం ఉన్న గొట్టం అదే వ్యాసమున్న నిండు కడ్డీ బరువులో 31 శాతమే తూగుతుంది, అయినా వంపుకు లొంగని దాని బిగువులో 52 శాతం ఇస్తుంది. బలం రీత్యా ఇది మంచి బేరమే గానీ, గొట్టం కొసలు పూర్తిగా మూసుకుపోవాలి. మూత అంచున వెంట్రుకవాసి సందున్నా లోపలికి నీరు చేరుతుంది. మాప్‌ను చెవి దగ్గర ఊపితే గలగలమని వినిపించేది ఆ నీరే, అది బయటికి రాదు.

ప్లాస్టిక్ పిడుల గురించి ఒక్క మాట. పాలీస్టైరీన్ లాంటి పెళుసు ప్లాస్టిక్‌లు నూనె తగిలిన చోట, ప్రతిబలం కూడా ఉంటే, తమంతట తామే సన్నగా పగుళ్ళు తీస్తాయి. పాలీప్రొపిలీన్ ఈ విషయంలో చాలా మెరుగు, పదేపదే వంచినా తేలిగ్గా విరగదు. బిగువు తక్కువ కాబట్టి లావుగా చేయాల్సి ఉంటుంది.

మార్చుకునే కుచ్చా, మార్చలేని కుచ్చా

కుచ్చును మార్చుకునే ఆలోచన కొత్తదేమీ కాదు. 1893లో అమెరికాకు చెందిన థామస్ డబ్ల్యూ. స్టీవర్ట్ నేల తుడిచే మాప్‌లో బిగింపు పద్ధతికి పేటెంట్ పొందారు. పాత కుచ్చును తీసి కొత్తది పెట్టుకోవడానికి, పిండుకోవడానికి వీలుగా ఉండటం దాని విశేషం. గిన్నెల మాప్‌కు అదే సూత్రం వర్తిస్తుంది గానీ, పరిమాణం చిన్నది కావడంతో ఇబ్బందులు పెద్దవయ్యాయి.

మార్చలేని కుచ్చును ఇష్టపడేవారి వాదన తేలిగ్గా కొట్టిపారేయలేనిది. విడదీయగల ప్రతి అతుకులోనూ సందు ఉంటుంది, సందులో జిడ్డు చేరుతుంది. మరల మధ్య గాడుల్లో చేరిన పిండి మరక బ్రష్షుకు కూడా అందదు. నొక్కుడు బిగింపులో ఉండే చిన్న ప్లాస్టిక్ నాలుక వంద సార్లు తీసి పెట్టాక అరుగుతుంది లేదా విరుగుతుంది. పైగా ఒక్కో తయారీదారు ఒక్కో కొలతలో బిళ్ళ చేస్తే, ఆ కుచ్చు దొరకడం మానేసిన రోజున పిడి కూడా పనికిరాకుండా పోతుంది.

మార్చుకునే కుచ్చు వైపు వాదన పీచు స్వభావం నుంచి వస్తుంది. పోగు ఏదైనా అరగక తప్పదు, పిడి మాత్రం ఏళ్ళ తరబడి ఉండగలదు. రెంటి ఆయుష్షులూ ఇంత తేడాగా ఉన్నప్పుడు వాటిని విడదీయలేకుండా కలిపితే పిడి కూడా కుచ్చుతో పాటే చెత్తలోకి పోతుంది. నేను రెండో వాదన వైపే మొగ్గుతాను, కానీ ఒక షరతుతో. తీసి పెట్టే భాగంలో సన్నని మరలు, దాగిన గాడులు లేకుండా, తీసిన వెంటనే రెండు వైపులా కుళాయి కింద కడగగలిగేలా ఉండాలి. స్టీలు కంటిలోకి ముడివేసిన కుచ్చు ఈ షరతుకు బాగా సరిపోతుంది. ముడి విప్పితే కన్ను పూర్తిగా బయటపడుతుంది, ఏ తయారీదారు పోగైనా అందులో కట్టుకోవచ్చు.

పరీక్ష తడిలోనా, ఆరాకా

కొత్త మాప్ గట్టిదని ఎలా తేల్చాలన్న దగ్గర తయారీదారుల పరీక్షలకూ వాడకానికీ మధ్య దూరం ఏర్పడే అవకాశం ఎక్కువ. కొత్త మాప్ కుచ్చుకు బరువు వేలాడదీసి చూడటం సులువైన పరీక్ష. అందులో నెగ్గిన మాప్ గురించి తెలిసేది అది కొత్తగా ఉన్నప్పుడు గట్టిగా ఉందని మాత్రమే. తడిపి లాగి చూస్తే వాడకానికి దగ్గరగా ఉన్నట్టు అనిపిస్తుంది, కానీ చెక్క మెడ విషయంలో అది ఇంకా మోసపుచ్చుతుంది. నానిన చెక్క ఉబ్బి పొన్నుకు బిగుసుకుని ఉంటుంది కాబట్టి పాడైపోయే మాప్ కూడా తడిలో గట్టిగా నిలుస్తుంది.

సబ్బు కలిపిన వేడినీళ్ళలో గంట సేపు నానబెట్టి, తర్వాత పూర్తిగా ఆరనిచ్చి, దాన్నే ముప్పై నలభై సార్లు తిరగేసి, ఆఖరున ఆరిన స్థితిలో మెడను లాగి, మెలిపెట్టి చూసినప్పుడే నలిగిన చెక్క, సడలిన జిగురు, సన్నబడిన తీగ బయటపడతాయి. అదే వరసలో ప్రతి పదిసార్లకు ఒక మాప్‌ను పక్కన తీసి నిలువునా కోసి చూస్తే, మెడలో నలుపు ఎక్కడ మొదలై ఎటు పాకుతోందో కంటికే కనిపిస్తుంది. నీటికి దారి ఎక్కడ మూసుకుపోయిందో ఆ నలుపే చూపిస్తుంది, తర్వాతి నమూనాలో రంధ్రం పెట్టాల్సింది సరిగ్గా అక్కడే.